నూట నలభై ఏడో గీత

ఐదింటికి వాళ్ళొస్తే కుర్చీలు సరిపోవు, అన్నయ్య ఇంట్లో ఉన్నవే నాలుగు, ఆయనకొకటి, ఆడపడుచుకొకటి, అన్నయ్యకీ వదినకీ చెరొకటి, నాకు లేకపోయినా ఫర్వాలేదు, గోడకి ఆనుకుని నిలబడతాను, మొగుణ్ణి వదిలి వచ్చేసిన ఆడది నిలబడి ఉంటే కూర్చున్నవాళ్ళకి మాట్లాడటం సులువు, పిచికని మాత్రం లోపలి గదిలో ఉంచుదాం అంది పొద్దున వదిన, పెద్దవాళ్ళ గొడవలు దాని చెవిన పడటం దేనికి, పదేళ్ళ పిల్ల, దానికేం తెలుసు అని, నేను పిచిక టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ తలూపాను, దాన్ని కన్నప్పటి నుంచీ నేను అందరికీ చెబుతున్న మాటే కదా అది, నా కూతురికి ఏమీ తెలియదు, ఆయన చెయ్యి పడ్డదంతా నా మీదే, పిల్ల మీద ఒక్కనాడూ పడలేదు, ఆ మాట పట్టుకునే అన్నయ్య కూడా మెత్తబడ్డాడు, చూడమ్మా, పిల్లంటే ప్రాణం పెడతాడు, మూణ్ణెల్లుగా రోజూ ఫోన్ చేసి ఏడుస్తున్నాడు, నీ కోసం కాకపోయినా దాని కోసమైనా ఒకసారి ఆలోచించు అన్నాడు, ఆలోచించాను అన్నయ్యా, వెళ్దామనే అనుకున్నాను, సంచి కూడా సర్దేశాను, దాని బట్టలు అడుగున, నావి పైన, మళ్ళీ తియ్యాల్సి వచ్చినప్పుడు ముందు నావే చేతికి రావాలని కాబోలు, ఎందుకలా సర్దానో నాకే తెలియదు.

ల్యాబులో అవతలి గదిలో రంపం కూత పెట్టింది, వజ్రపు పొడి పట్టించిన పల్చటి చక్రం అది, గవ్వయినా పన్నయినా దాని కింద ఒకటే కేక పెడతాయి, ముప్పై ఏళ్ళుగా దాని ముందు కూర్చున్న మనిషిని ల్యాబులో అందరూ రంపం అనే పిలుస్తారు, నేను మాత్రం బాబాయి అంటాను, సగం చెవుడు, ఎందువల్ల అని అడిగితే రంపం వల్ల కాదమ్మాయ్, మీ పిన్ని వల్ల అంటాడు, ఆ మాట ఆవిడ ముందే అని వీపు మీద ఒకటి వేయించుకుని ఇద్దరూ నవ్వుకుంటారు, వీపు మీద దెబ్బ పడితే నవ్వొచ్చే ఇళ్ళు కూడా ఉంటాయి, ఇక్కడ పనంతా ప్రాణులు చేసే రాళ్ళతో, చేరిన మొదటి రోజు ఈ ల్యాబు నడిపే మేడం ఆ మాటంటే నాకు అర్థం కాలేదు, ప్రాణులు రాళ్ళు చెయ్యడమేమిటని, కొండలో రాయి పుట్టాలంటే భూమి కాలాలి, నలగాలి, నత్తకి అవేమీ అక్కర్లేదు, చల్లటి నీళ్ళలో చప్పుడు లేకుండా ఒంట్లోంచి రాయి తీసి ఇల్లు కట్టుకుంటుంది అంది, కోడి ఒక్క రోజులో గుడ్డు చుట్టూ గోడ కడుతుంది, చేప చెవిలో గింజంత రాయి రోజుకో పొర పెరుగుతుంది, మన ఎముకా అంతే, మన పన్నూ అంతే, ఒంట్లో పెట్టుకుని తిరుగుతున్నాం గనక వాటిని రాళ్ళనుకోము అంది, అంత చప్పుడు లేకుండా కట్టినదాన్ని చూడటానికి మేము చేసేవి మాత్రం అన్నీ మొరటు పనులే, కొయ్యడం, పగలగొట్టడం, గాజుపలక మీద గరుకు పొడిలో వేసి వెంట్రుకంత మందానికి వచ్చేదాకా అరగదీయడం, యాసిడ్‌లో ముంచి కరకర తినిపించడం, అప్పుడు గానీ లోపలి గీతలు బయటపడవు, ఇదిగో, దీనికి దెబ్బ పడితే గానీ నిజం కక్కదు అని ఆయన నా గురించి అనేవాడు, అని కొట్టేవాడు, కొట్టాక ఏ నిజం దొరికేదో గానీ ఆయనకి హాయిగా నిద్ర పట్టేది.

నేను బొమ్మలు గీస్తాను, అది నా పని, కెమెరా ఉండగా ఇంకా చేత్తో గీయడమేమిటి అని ఆడపడుచు ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది, ఆవిడకి చెప్పినా ఎక్కదు, వెంట్రుకంత పల్చటి ముక్కలో కూడా లోతు ఉంటుంది, కెమెరా ఒక్క లోతునే పట్టుకుంటుంది, మైక్రోస్కోప్ మర కొంచెం తిప్పితే ఒక గీత మునిగిపోతుంది, ఇంకొకటి పైకి తేలుతుంది, ఏది నిజంగా ఉన్న గీతో, ఏది అరగదీసినప్పుడు పడ్డ గాటో, పైకీ కిందికీ తిప్పి తిప్పి చూసి చెయ్యి తేల్చుకోవాలి, వచ్చే నెలలో మ్యూజియం హాల్లో పెట్టే పన్నెండు బొమ్మల్లో పదకొండు అలా గీసినవే, ఒక్కొక్కటీ మనిషెత్తు, నత్త గుల్ల, చేప చెవిరాయి, గుడ్డు పెంకు, ముత్యం, మేడం రెండేళ్ళు రాసిన కాగితాల్ని ఇంతవరకు ఇద్దరో ముగ్గురో చదివారట, అదే ముత్యం బొమ్మ ముందు మాత్రం వాచ్‌మన్ రోజూ కాసేపు నిలబడి పోతున్నాడు, నా లెక్క లేకపోతే నీ బొమ్మ ముగ్గు, నీ బొమ్మ లేకపోతే నా లెక్క చాకలి పద్దు అంటుంది మేడం, పన్నెండోది పాలపన్ను, దాని కోసం ల్యాబులో ఉన్న ఒకే ఒక పన్ను కోసేటప్పుడు రెండు చెక్కలైపోయింది, బాబాయి ముఖం మాడ్చుకుని కూర్చుంటే నేనే అన్నాను, మా ఇంట్లో ఒకటి ఉంది, మా అమ్మాయిది, పోయిన నెలే ఊడింది, గుండీల డబ్బాలో దాచాను అని, ఎంత తేలిగ్గా అన్నానో, పక్కింటావిడకి కాస్త పంచదార ఇచ్చినట్టు, పిచికని అడిగితే నా పన్ను రాయా అంది, ఒక రకం రాయేనే అన్నాను, గోడ మీద నా పేరు రాస్తారా అంది, పేరు రాయరు, పదేళ్ళ పాప అని రాస్తారు అంటే కాసేపు ఆలోచించి, పదిన్నర అని రాయమను అంది.

పదకొండు గంటలకి స్లైడ్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు బాబాయి, తల్లీ, ఈసారి ఊపిరి బిగబట్టి కోశాను, నీ కూతురి పన్ను అంటే నా మనవరాలిది, పగిలితే మీ పిన్ని నా పళ్ళు కోస్తుంది అన్నాడు, అని వెళ్ళిపోకుండా నిలబడి, సాయంత్రం మీవాళ్ళొస్తున్నారట కదా, వెళ్ళిపోతావా అన్నాడు, చెవిటివాళ్ళు మెల్లగా అనుకుని గట్టిగా అడుగుతారు, హాలంతా వినబడింది, నేను మర తిప్పుతూ ఏమో బాబాయి అన్నాను, మర ఎడమ చేత్తో తిప్పాలి, కట్టు విప్పి నెల కాలేదు, తిప్పిన ప్రతిసారీ మణికట్టులో సూది దిగుతోంది, ఆ చెయ్యి విరిచినందుకే కదా నేను ఇల్లు వదిలింది, తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు, నెమ్మదిగా, బస్సు తలుపు వేసినంత నెమ్మదిగా, కుడిచెయ్యి జోలికి ఎప్పుడూ రాలేదు, వంటా బొమ్మలూ దాంతోనే కదా, లెక్క తెలిసిన మనిషి, మందు ముట్టడు, పేకాట లేదు, ఆయన నడిపే బస్సులో నిలబడ్డ ముసలమ్మ చేతిలో గ్లాసు నీళ్ళు పెట్టినా తొణకవని డిపోలో చెప్పుకుంటారు, ఇరవై ఏళ్ళలో ఒక్క యాక్సిడెంట్ లేదు, బ్రేక్ మీద అంత మెత్తగా పడే కాలే నా డొక్కలో పడేది, ఎందుకంటే ఆయన తెల్లవారుజామున మొదటి బస్సు తీస్తాడు, మధ్యాహ్నం రెండింటికి వచ్చి తిని పడుకుంటాడు, రెండు నుంచి ఐదు దాకా ఆ ఇంట్లో చెంచా కింద పడకూడదు, కుక్కర్ కుయ్యనకూడదు, కుళాయి కారకూడదు, నిద్ర చెడితే రేపు నా చేతిలో యాభై మంది ప్రాణాలు అనేవాడు, ఆ మాటకి ఎదురేముంటుంది, యాభై మంది ప్రాణాల కోసం ఒక మనిషి వీపు, పిచిక మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు దాని ఏడుపుకి ఒకసారి నిద్ర లేచాడు, వంటింట్లోకి వచ్చి నా జుట్టు పట్టుకుని గిన్నెల తొట్టి అంచుకేసి కొట్టాడు, ముందు పన్ను సగానికి విరిగి తొట్టిలో టక్కున పడింది, బాత్రూంలో జారానని చెబితే పళ్ళ డాక్టరు తొడుగు వేస్తూ, మీ బాత్రూం చాలా గట్టిదమ్మా అన్నాడు, పిల్లని మాత్రం ఆయన ముట్టుకోలేదు, ఆ రోజు కూడా నన్ను వదిలాక చేతులు కడుక్కుని వెళ్ళి ఉయ్యాల ఊపాడు.

గీయాలి, ముందు గీయాలి, కన్ను పెట్టాను, వెలుతురులో పిచిక పన్ను తేనెరంగులో లేచింది, లోపలిది పంటి గుజ్జు చుట్టూ ఉండే గోధుమరంగు భాగం, దాని మీద గొడుగులా కప్పుకున్నది ఎనామిల్, ఒంట్లో దీన్ని మించిన గట్టిది లేదు, ఎముక విరిగితే అతుక్కుంటుంది, నత్త గుల్ల పగిలితే నత్త మళ్ళీ పూత వేసుకుంటుంది, ఎనామిల్ ఒక్కటే తిరిగి రాదు, దాన్ని కట్టిన కణాలు కట్టడం అవగానే చచ్చిపోతాయి, ఇక ఏది పడితే అది అలాగే ఉండిపోతుంది, పాలపన్ను తల్లి కడుపులో ఉండగానే మొదలవుతుంది, రోజుకో సన్నటి గీత, కూలీ రోజుకో వరస పేర్చినట్టు, పుట్టిన రోజున ఒక ముదురు గీత పడుతుంది, ఎంత సుఖప్రసవమైనా బయటికి రావడం పెద్ద దెబ్బే కదా, పన్ను దాన్ని మరిచిపోదు అంది మేడం, ఆ పుట్టుక గీత నాకు వెంటనే దొరికింది, దారంలా, వంపు తిరిగి, నవ్వొచ్చింది నాకు, ఇదిగో ఇక్కడ పుట్టావు పిచికా, ఫిబ్రవరి మూడు, నేను పదహారు గంటలు నొప్పులు పడ్డాను, నీకూ అంత కష్టమైందా అనుకున్నాను, అక్కడి నుంచి పైకి మర తిప్పుకుంటూ వస్తే అరవై గీతలు దాటాక ఒక చిన్న నీడ, టీకా జ్వరం అయివుంటుంది, తొంభై దాటాక ఒకటి, అప్పుడే అనుకుంటాను నా పన్ను విరిగింది, ఏడెనిమిది రోజులు నాకు పాలు పడలేదు, ఆ నీడ దాటి ఇంకా పైకి వస్తే, వెలుతురు కోసినట్టు ఆగిపోయింది, అడ్డంగా ఒక నల్లటి గీత, పుట్టుక గీతకన్నా మందం.

గాటేమో అనుకున్నాను, మర కిందికి తిప్పాను, పోలేదు, పైకి తిప్పాను, పోలేదు, ఏ లోతులో చూసినా అక్కడే ఉంది, బాబాయి తప్పు కాదు, రాయిలోనే ఉంది, మేడం వచ్చి నా భుజం మీదుగా వంగి కన్ను పెట్టింది, చాలాసేపు చూసి ఏదో పెద్ద దెబ్బే తిన్నట్టుంది పిల్ల, ఎన్నో రోజు అంది, లెక్కపెట్టాలి మేడం అన్నాను, ఏమైందప్పుడు, జ్వరమా, ఆస్పత్రిలో పెట్టారా అంది, ఏమో మేడం, అది చాలా బుద్ధిమంతురాలు, అసలు ఏడ్చేదే కాదు అన్నాను, అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదని నాకే తెలిసింది, మేడం నావైపు ఒకసారి చూసి, ఎందుకు అని అడిగితే పన్ను చెప్పదమ్మా, ఎప్పుడు అని మాత్రమే చెబుతుంది, అదీ అటూ ఇటూ మూడు రోజులు అని వెళ్ళిపోయింది, లెక్కపెట్టాను, పదికొక చుక్క పెట్టుకుంటూ, మొదటిసారి నూట నలభై నాలుగు వచ్చింది, రెండోసారి నూట నలభై తొమ్మిది, గీస్తూ లెక్కపెడితే గానీ చెయ్యి అబద్ధమాడదు, అందుకని ఒక్కో గీతా కాగితం మీద గీస్తూ మూడోసారి లెక్కపెట్టాను, నూట నలభై ఏడు, కాగితం అంచున రాసుకున్నాను, ఫిబ్రవరిలో మిగిలినవి ఇరవై అయిదు, మార్చితో యాభై ఆరు, ఏప్రిల్‌తో ఎనభై ఆరు, మే నెలతో నూట పదిహేడు, ఇంకో ముప్పై కావాలి, జూన్ ముప్పై, జూన్ ముప్పై అని చూడగానే ఎక్కడో రోజూ చదివిన అక్షరాల్లా అనిపించింది, ఎక్కడ, ఎక్కడ, ఎర్రటి అక్షరాలు, గుండ్రటి అద్దం కింద, పదేళ్ళు ఒక్క ప్రమాదం లేకుండా అని పైన, జూన్ ముప్పై అని కింద, మా ముందుగది గోడ గడియారం, డిపోవాళ్ళు ఆయనకి ఇచ్చింది, రోజుకి వందసార్లు చూసేదాన్ని, తుడిచేదాన్ని, దాని కింద ఆ తేదీ ఉన్న సంగతి కంటికి ఆనడం ఎప్పుడో మానేసింది.

జూన్ ముప్పై, ఆ రోజు ఆయన నవ్వుతూ వచ్చాడు, గడియారం చేత్తో పట్టుకుని, సుత్తి అడిగి తనే మేకు కొట్టాడు, పిల్లని ఎత్తుకుని ముల్లు చూపించాడు, తిని పడుకున్నాడు, రెండుంపావు, మంచి రోజు, ఇంత మంచి రోజు చెడకూడదు అనుకున్నాను నేను, నాకు గుర్తుంది, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను, అప్పుడు మొదలుపెట్టింది పిచిక, కడుపునొప్పో ఏమిటో, గుక్కపట్టి, రొమ్ము ఇస్తే తల తిప్పేసింది, భుజాన వేసుకుంటే వెనక్కి విరుచుకుంది, లోపల మంచం కిర్రుమంది, మంచం కిర్రుమంటే నా పన్ను దానంతటదే జిల్లుమనేది అప్పట్లో, పిల్లని దుప్పట్లో చుట్టి సామాన్ల గదిలోకి పరిగెత్తాను, తలుపు దగ్గరగా వేశాను, ష్ ష్ ష్ అన్నాను, బంగారు తల్లి కదూ, నోరు మూసుకో అమ్మా, నోరు మూసుకో, మంచం మళ్ళీ కిర్రుమంది, అప్పుడు, అప్పుడు ఏం చేశావు, మర కొంచెం తిప్పు, కిందికి, ఇంకా కిందికి, ఈ మైక్రోస్కోప్‌కి పక్కన అద్దాల గొట్టం ఒకటి ఉంటుంది, దాని వల్ల ఒకే కంటికి రెండూ కనిపిస్తాయి, పన్నూ, కాగితం మీద నా చెయ్యీ, ఒకదాని మీద ఒకటి, పన్ను మీదే చెయ్యి పెట్టి గీస్తున్నట్టు ఉంటుంది, తొమ్మిదేళ్ళుగా రోజూ అలాగే చూస్తున్నాను, ఎప్పుడూ నా చేతిని నేను చూడలేదు, ఇప్పుడు చూస్తున్నాను, నల్లగీత మీద నా కుడిచెయ్యి, బొటనవేలు ఒక పక్క, నాలుగు వేళ్ళూ ఇంకో పక్క, మధ్యలో పిచిక నోరు, నోరూ ముక్కూ కలిపి, అరచేతి కింద దాని పెదవులు తడిగా కదలడం, దుప్పట్లో కాళ్ళు తన్నడం, నొక్కాను, ఇంకా గట్టిగా నొక్కాను, తలుపు సందులోంచి కొత్త గడియారం కనిపిస్తోంది, సెకన్ల ఎర్రముల్లు ఒక చుట్టు తిరిగింది, ఇంకో సగం తిరిగింది, దాని కళ్ళు నా వైపే, ఏడుపు లేదు, కాళ్ళు ఆగిపోయాయి, అప్పుడు కూడా నాకు మొదట వచ్చింది భయం కాదు, అమ్మయ్య అనిపించింది, ఊరుకుంది అనుకున్నాను.

పెదవులు నీలంగా ఉన్నాయి, దుప్పటి విప్పి వీపు మీద చరిచాను, తలకిందులు చేశాను, ముఖం మీద ఊదాను, అన్నీ చప్పుడు కాకుండా చేశాను, దేవుడా, అప్పుడు కూడా చప్పుడు కాకుండానే చేశాను, తలుపు దాటితే మెట్ల కింద మనుషులున్నారు, ఎదురింట్లో నర్సు ఉంది, ఒక్క కేక పెడితే చాలు, పెట్టలేదు, చివరికి అది పిల్లికూనలా ఒకసారి శ్వాస లాగింది, రెండు రోజులు పాలు తాగలేదు, జ్వరం కాసింది, పైకప్పు వైపు చూస్తూ పడుకుంది, పాలు గొంతుకి అడ్డం పడ్డాయని డాక్టరుకి చెప్పాను, ఆయనకీ అదే చెప్పాను, ఆడపడుచుకీ అదే, చెప్పీ చెప్పీ నాకు కూడా అదే గుర్తుండిపోయింది, ఆయన పాపం సెలవు పెట్టి పిల్ల పక్కనే కూర్చున్నాడు, జాగ్రత్తగా పట్టలేవూ పాలు అని నన్ను తిట్టాడు, నిజమే కదా అనుకుని తల దించుకున్నాను, ఆ తరువాత పిచిక మధ్యాహ్నాలు ఏడవలేదు, ఒక్క మధ్యాహ్నం కూడా, ఆకలేస్తే మెలకువగా పడుకుని నా వైపు చూసేది, ఎంత బుద్ధిమంతురాలమ్మా, పిల్ల ఇంట్లో ఉన్నట్టే లేదు అని ఆడపడుచు దిష్టి తీసినంత పని చేసింది, నేను మురిసిపోయాను, అందరికీ చెప్పుకున్నాను, మా పిచిక బంగారం, దానికి ఏడవడం రాదు అని, పోయిన నెల ఈ పన్నే కదులుతుంటే తలుపు గడియకి దారం కట్టి అదే లాక్కుంది, గడ్డం మీదికి నెత్తురు కారుతోంది, ఒక్క చప్పుడు లేదు, ఏం ధైర్యమే నీకు అంది వదిన, నేను గుడ్డతో తుడుస్తూ, దానికి చిన్నప్పటి నుంచీ ఓర్పు అన్నాను, ఓర్పు అన్నాను.

నిన్న ఆడపడుచు ఫోన్‌లో ఏమంది, అమ్మాయ్, కోపిష్టివాడే, కాదనను, మగాడన్నాక ఒకసారి చెయ్యి జారుతుంది, కానీ నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు, పిల్లని ఎప్పుడైనా కొట్టాడా, ఒక్క దెబ్బ వేశాడా, చెప్పు, నేను లేదు అన్నాను, మరింకేం అంది ఆవిడ, ఆ మరింకేం దగ్గరే నా సంచి సర్దుకోవడం మొదలైంది, ఇవాళ ఐదింటికి కూడా ఆ ప్రశ్నే వస్తుంది, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, నా కూతురి మీద ఈగ వాలనివ్వలేదు బావా అని అన్నయ్యతో అంటాడు, అందులో అబద్ధం లేదు, నేను గోడకి ఆనుకుని తల దించుకుంటాను, లోపలి గదిలో పిచిక శ్వాస కూడా వినబడకుండా కూర్చుని ఉంటుంది, నేను దానికి నేర్పినట్టే, వెళ్ళాక మళ్ళీ రెండు నుంచి ఐదు, మళ్ళీ మంచం కిర్రుమనడం, ఇప్పుడది పసిపిల్ల కాదు, రేపో ఎల్లుండో ఏదో ఒకటి అడుగుతుంది, ఎదురు చెబుతుంది, పాట పాడుకుంటుంది, గ్లాసు జారవిడుస్తుంది, ఆయన ఏం చేస్తాడో నాకు తెలియదు, పదిన్నరేళ్ళలో చెయ్యనివాడు చెయ్యకపోవచ్చు, నేనేం చేస్తానో మాత్రం ఇదిగో, తేనెరంగు మీద నల్లగా, చెరపడానికి వీల్లేకుండా ఉంది.

మధ్యాహ్నం రెండు దాటింది, అవతలి గదిలో రంపం ఆగింది, ఆ నిశ్శబ్దానికి నా భుజాలు వాటంతటవే ముడుచుకున్నాయి, ఇన్నేళ్ళయినా రెండు దాటితే చాలు ముడుచుకుంటాయి, మేడం బొమ్మ చూడటానికి వచ్చింది, బాగుంది, చాలా బాగుంది అంటూ ఆ గీత దగ్గర వేలు ఆపి, ఇది మనిషెత్తు బొమ్మలో అరచేయంత మందం వస్తుందమ్మా, చూసేవాళ్ళు సిరా ఒలికిందనుకుంటారు, కొంచెం పల్చన చేద్దామా, లెక్క మారదు, అంది, పల్చన చెయ్యొచ్చు, చెయ్యగలను, పదేళ్ళు పల్చన చేసింది ఆ పనితనమే కదా, లేదు మేడం, ఎంతుందో అంతే గీస్తాను అన్నాను, గొంతు మామూలు కన్నా గట్టిగా వచ్చింది, బాబాయి కూడా తలెత్తి చూశాడు, మేడం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది, సిరా పెన్ను తీసి గీత నింపడం మొదలుపెట్టాను, అంచులు అదరకుండా, ఎంత మందమో అంత, నింపాక మర ఒక్క పిసరు తిప్పితే దాని పైన నూట నలభై ఎనిమిదోది కనిపించింది, నూట నలభై తొమ్మిది, మసగ్గా, వంకరగా, అయినా ఉన్నాయి, నూట యాభై దాటాక మళ్ళీ సన్నగా, శుభ్రంగా, మూడో రోజున పాలు తాగింది కదా, ఎవరి దగ్గర తాగింది, నా దగ్గరే, ఆ చేత్తోనే తల పట్టుకుంటే నోరు తెరిచింది, ఇంకెవరున్నారు దానికి, అప్పుడు వచ్చాయి కళ్ళనీళ్ళు, కాగితం మీద పడకుండా తల పక్కకి తిప్పుకున్నాను, చప్పుడు కాకుండా ఏడవబోయి, ఎందుకు అనుకుని, చప్పుడు చేస్తూనే ఏడ్చాను, బాబాయికి కూడా వినబడేంత, ఐదింటికి నాలుగు కుర్చీలే ఉంటాయి, వంటింట్లోంచి పీట తెచ్చుకుని నేనూ కూర్చుంటాను, పిల్ల మీద చెయ్యి పడిందా అని అడుగుతారు, పడింది అంటాను, ఎవరిది అంటారు, ఈ చెయ్యి చాచి చూపిస్తాను, ముందు పిచికకి చెప్పి, దాని ముఖం చూసి చెప్పి, ఆ తరువాతే వాళ్ళకి చూపిస్తాను, సంచి విప్పేస్తాను, నేను ఇంతకాలం ఆయన చేతికి భయపడి పారిపోయి వచ్చాననుకున్నాను, ఆయన నిద్రపోతున్న ఇంట్లో నా కూతుర్ని చంపబోయింది నా చెయ్యి, ఆ చేత్తో మళ్ళీ ఆ ఇంటి తలుపు తియ్యను.